చెట్టెక్కే దినాల గోలి

పన్నెండేండ్లు మస్కట్‌ల ఇనుప పైపులెక్కి బిల్డింగులు కట్టిన లింబాగౌడ్, నలభై ఎనిమిదేండ్ల వయసుల మళ్ళ మోకు నడుముకు చుట్టి తాటిచెట్టు ఎక్కుతనంటె ఊర్లె ఎవ్వలు నమ్మలేదు. పెండ్లాం నీలకైతె నమ్మకం లేకపోవుడే కాదు, భయం గూడ. పెండ్లైన కొత్తల ఆయన చెట్టు ఎక్కుతుంటె కిందికెళ్ళి మెడలు నొయ్యంగ చూసేది. అప్పటి మనిషి వేరు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితె రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటుండు.

వాళ్ళది కోరుట్లకెళ్ళి రుద్రంగి పోయే తొవ్వల చిన్న ఊరు. నీల బీడీలు చేస్తది. పొద్దంత చాట ఒళ్ళె పెట్టుకొని ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. ఒక్కతే బిడ్డ సౌమ్య. ఇంటర్ కాంగనే సిరిసిల్లల బట్టలు కుట్టే కంపెనీల చేరి అక్కడ్నే తనతోని పనిచేసే నలుగురు ఆడపిల్లలతోని రూముల ఉంటుండె. మొగడు పరాయి దేశంల, బిడ్డ సిరిసిల్లల, తను చాట ముందట. గట్లనే ఏండ్లు ఎల్లిపోయినయ్. ఆయన రెండేండ్లకోపారి అచ్చేది, నెల రోజులుండి పోయేది. వచ్చినప్పుడల్లా కొంచెం నల్లబడి, కొంచెం మాట తగ్గి వచ్చేది.

కరోనా అచ్చినప్పుడు కంపెనీ వాళ్ళు అందర్ని పంపించేసిండ్రు. ఏడాది ఇంటికాడ కూసున్నంక మళ్ళ వీసా దొరికింది. మెడికల్‌కు హైదరాబాద్ పోయిండు. అక్కడ రొమ్ముకు వైర్లు పెట్టి తీసిన కాయితం చూసి "అన్‌ఫిట్" అని ముద్ర గుద్దిండ్రు. ఎందుకని అడిగితె, గుండె సక్కగ కొట్టుకుంటలేదు, మీ ఊరికాడ డాక్టర్‌కు చూపించుకోమన్నరు. ఇంటికచ్చి రెండు దినాలు ఆ ముచ్చటనే చెప్పలేదు. మూడో దినం తినుకుంట తినుకుంట చెయ్యి ఆపి, "ఇంక దుబాయ్, మస్కట్ అన్నీ బందేనే నీలా" అన్నడు.

జగిత్యాలల గుండె డాక్టర్ హేమలత మేడం మంచి మనిషి. పరీక్షలన్నీ చూసి, ఇద్దర్ని ముందట కూసోబెట్టుకొని తీరుబాటుగ చెప్పింది.

"నీ గుండె తాళం తప్పింది లింబాగౌడ్. ఒకపారి ఉరుకుతది, ఒకపారి ఆగినట్టు చేస్తది. సక్కగ కొట్టుకోకపోతే లోపల రక్తం నిలుస్తది. నిలిచిన రక్తం పెరుగు తోడుకున్నట్టు గడ్డ కడ్తది. ఆ గడ్డ కొట్టుకపోయి మెదడుల ఇరుక్కుంటె కాలు, చెయ్యి, మాట అన్నీ పోతయ్. నీకు బీపీ ఉంది, షుగరుంది, ఇంకా భయం ఎక్కువ. అందుకే రక్తం పలచగ చేసే గోలి రాస్తున్న. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి."

"ఎన్ని దినాలు మేడం?" అన్నది నీల.

"దినాలు కాదమ్మా, బతికున్నన్ని నాళ్ళు. ఒంట్లె మంచిగున్నదని ఆపద్దు. ఇది మంచిగున్నప్పుడే వేసుకునే మందు. రెండు పూటలు తప్పితె సాలు, దాని బలం ఒంట్లకెళ్ళి పోతది."

లింబాగౌడ్ అన్నిటికి తలూపిండు. నీలనే మళ్ళ అడిగింది. "మాది గీత పని మేడం. చెట్టెక్కచ్చునా?"

"వద్దమ్మా. ఈ మందు మీదున్నోళ్ళు పడితె లోపల రక్తం ఆగదు. వేరే పని చూసుకోమను. కత్తితోని కూడ జాగ్రత్త."

వేరే పని చూసుకున్నడు. కోరుట్ల అవుతల రైసుమిల్లుల వాచ్‌మన్‌గ కుదిరి ఏడు నెలలు చేసిండు. గేటు కాడ కుర్సీల కూసునుడు, లారీ అస్తె లేచుడు. పన్నెండేండ్లు ఆకాశంల నిలబడి పని చేసినోనికి ఆ కుర్సీ మనసున పట్టలేదు గనీ కిక్కురుమనకుంట చేసిండు. వడ్ల సీజను అయిపోయి మిల్లు మూస్తె ఆ కుర్సీ కూడ పోయింది. అటెన్క నూలుమిల్లుల అడిగిండు, సూపర్‌మార్కెట్ల అడిగిండు. మెడికల్ ముచ్చట ఎవలో చెప్పనే చెప్పేది. గుండె బాగలేనోన్ని పెట్టుకొని మాకెందుకు తిప్పలు అన్నట్టు అందరు మర్యాదగనే పంపిచ్చేది.

అంతల గీత సంగం వాళ్ళు ఒక మాట కబురు పంపిండ్రు. ఆయన తండ్రి వంతుల పద్నాలుగు తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఉన్నయ్. ఇన్నేండ్లు పాలోళ్ళు, దాయాదులే, ఎక్కిండ్రు. ఇప్పుడు ఎక్కేటోడు ఊర్లెనే ఉన్నడు గద, ఎక్కుతె ఎక్కుమనుండ్రి, లేకపోతె ఇంకొకనికి రాసిస్తమని. ఎక్కనోనికి చెట్టేంది అనేది వాళ్ళ న్యాయం. అందుల తప్పు కూడ లేదు.

ఆ సలికాలంల లింబాగౌడ్ తండ్రి మోకు అటుక మీదికెళ్ళి దించి, నానబెట్టి, లాగి చూసి, పేట పేట పరీక్ష పట్టిండు. నీల చూసుకుంట నిలబడ్డది. ఎక్కద్దనలేదు. ఇంట్ల కూసున్న మొగోని మొఖం ఆర్నెల్ల సంది చూస్తున్నది ఆమె. ఆ మొఖంల మొదటిపారి జర వెలుగు కనబడ్డది.

గోలీలు ఆమె చేతిలనే ఉండేటివి. ఆయన మతిమరుపు మనిషి. పొద్దున చాయ్‌తోని ఒకటి, మాపటి బువ్వ తిన్నంక ఒకటి, చేతిల పెట్టి నీళ్ళిచ్చి మింగినదాక నిలబడేది. పన్నెండేండ్లు ఇల్లంత ఆమె మీద ఇడిసి పోయినోడు, ఇప్పుడు తన పానం కూడ ఆమె మీదనే ఇడిసి నిశ్చింతగ ఉన్నడు.

తాళ్ళు ఎక్కవట్టిన పదో దినమో పన్నెండో దినమో, గీత కత్తి బొటనవేలికి తాకింది. చిన్న గాటు. గీత పనిల గసొంటివి రోజొకటైతయ్, ఎవ్వలు లెక్కజెయ్యరు. అయితె ఈ గాటు ఆగలేదు. ఆరు గంటలప్పుడు తాకితె తొమ్మిదైనా కారుతనే ఉన్నది. తువ్వాల తడిసింది, నీల పాత చీర చింపి కడ్తె అదీ తడిసింది. పసుపు అద్దింది, బట్ట కాల్చిన బూడిద అద్దింది. ఆయన నవ్వుకుంట, "గీ ఏలుకే గింత గోలనా" అన్నడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆయన ఈపు రుద్దుతుంటె మోకు ఒరుసుకున్న కాడల్లా నల్లగ, నీలంగ, అరచేయంత మచ్చలు కనబడ్డయ్.

ఎదురింటి చిన్నయ్య పోయినేడు చెట్టు మీదికెళ్ళి పడ్డడు. తుంటి ఇరిగింది, పక్కటెముకలు ఇరిగినయ్, ఆర్నెల్లు మంచంల ఉన్నడు గనీ బతికిండు. ఇప్పుడు కట్టె పట్టుకొని నడుస్తుండు. నీల చాట ముందట కూసొని అదే తిప్పి తిప్పి ఆలోచించేది. చిన్నయ్యది మామూలు రక్తం గనుక బతికిండు. వేలికి గాటు పడితెనే మూడు గంటలు ఆగని మనిషి ముప్పై అడుగుల మీదికెళ్ళి పడితె? నేను పోయి చూసేసరికే ఖాళీ అయిపోతడు. పొద్దున ఆయన పోయినకాడికెళ్ళి తిరిగచ్చినదాక ఆమె చేతులు బీడీ చుడుతుండె గనీ చెవులు బయటనే ఉండేటివి.

శివరాత్రి ఇంక ఇరవై దినాలుందనంగ ఒకనాడు పొద్దుగాల చాయ్ ఇచ్చింది, గోలి ఇయ్యలేదు.

"గోలేది?" అన్నడు.

"చెట్లు ఎక్కినన్ని దినాలు ఆపుదాం. ఎండకాలం దాటినంక మళ్ళ మొదలు పెడుదువు."

"మేడం ఏమన్నదో యాదికున్నదా?"

"మేడం అచ్చి చెట్టుకింద నిలబడతదా? నిలబడేది నేను."

ఆయన కొట్లాడే మనిషి కాదు. "నీ ఇష్టం" అని మోకు భుజాన ఏసుకున్నడు. ఆ నీ ఇష్టం అన్న రెండు మాటలు ఎంత బరువో ఆమెకు అప్పుడు తెల్వలేదు.

ఆపినంక ఏం కాలేదు. అదే వాళ్ళను మోసం చేసింది. ఈపు మీది మచ్చలు మాయమైనయ్. పండ్లు తోముకుంటె అచ్చే రక్తం బందైంది. కత్తి తాకినా రెండు నిమిషాలల్ల గడ్డకట్టేది. ఆయన మొఖం కూడ తేటగైంది. హోలీకి సౌమ్య ఇంటికచ్చి, "బాపు మంచిగైండు గదనే అమ్మా" అన్నది. నీల లోపల లోపల సంబరపడ్డది. తను చేసిన పని మంచిదే అనుకున్నది. గోలీల సంగతి బిడ్డకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆలోచించలేదు.

హోలీ అయినంక పది దినాలకు, ఒక బేస్తారం పొద్దుగాల, లింబాగౌడ్ పదకొండు చెట్లెక్కి దిగి ఇంటికచ్చి అరుగు మీద కూసున్నడు. చాయ్ అందుకున్నడు. కప్పు చేతిలకెళ్ళి జారి పడ్డది. నీల లోపల్నుంచి "ఏమైంది?" అనుకుంట అచ్చింది. ఆయన కప్పు దిక్కు చూస్తుండు గనీ కుడిచెయ్యి లేస్తలేదు. నోరు ఒక పక్కకు పోయింది. ఏదో చెప్పవోతుండు, చప్పుడు అస్తుంది, మాట అస్తలేదు. చెట్టు మీదికెళ్ళి పడలేదు మనిషి. ఇంటి అరుగు మీదనే, కూసున్న కాడనే పడ్డడు.

అప్పుడు సరిగ్గ ఎనిమిదైంది. పక్కింట్ల టీవీల వార్తలు మొదలైన చప్పుడు ఆమెకు ఇనబడ్డది.

చిన్నయ్య కట్టె కొట్టుకుంట అచ్చి, పక్షవాతానికి పావురం రక్తం రుద్దేటోడు ఎల్లారెడ్డిపేట దిక్కు ఉన్నడు, ఆటోల తీస్కపోదామన్నడు. నీల ఇనలేదు. మేడం చెప్పిన మాట అప్పుడు పిడుగోలె యాదికచ్చింది: గడ్డ మెదడుల ఇరుక్కుంటె మాట పోతది. ఆటోల కోరుట్ల, అక్కడికెళ్ళి అంబులెన్సుల జగిత్యాల. తొవ్వ పొడుగూత ఆయన ఎడమచేత్తోని ఆమె కొంగు గట్టిగ పట్టుకున్నడు. కన్నీళ్ళు కుడిపక్కకే కారినయ్.

మెదడుకు చూసే పెద్ద దవాఖానల దించేసరికి తొమ్మిదిన్నర దాటింది. తలకాయకు ఫోటో తీసిండ్రు. సిరిసిల్లకెళ్ళి బస్సుల ఉరికచ్చిన సౌమ్య అప్పుడే తల్లి పక్కకు చేరింది. పడుసు డాక్టర్ ఒకాయన కాయితాలు పట్టుకొని జల్దీ జల్దీ అడగవట్టిండు.

"ఎన్ని గంటలకైందమ్మా?"

"ఎనిమిదింటికి సారు."

"మంచిది, టైముల తెచ్చిండ్రు. గుండె జబ్బుందా? రక్తం పలచ చేసే గోలి ఏమన్న వాడుతుండా?"

"వాడుతుండు సారు."

"రోజూ సక్కగ వేసుకుంటడా? ఆఖరికి ఎప్పుడు వేసుకున్నడు?"

నీల నోరు తెరిచింది. బిడ్డ పక్కన నిలబడి ఉన్నది. హేమలత మేడం కొర కొర చూస్తున్నట్టే అనిపిచ్చింది. నెలన్నర సంది నేనే బంద్ పెట్టిన సారు అని చెప్పాల్సింది. "రోజూ వేసుకుంటడు సారు. పొద్దుగాల్ల నేనే ఇచ్చిన" అన్నది.

డాక్టర్ మొఖం పడిపోయింది. పక్కనున్న నర్సు దిక్కు తిరిగి, "అయితె సూది వద్దు, వార్డుల చేర్చుకోండ్రి" అన్నడు. మళ్ళ వీళ్ళ దిక్కు తిరిగి, "గడ్డ కరిగించే సూది ఉంటదమ్మా. పొద్దున్నే పలచ మందు పడ్డోనికి అది ఇస్తె మెదడుల రక్తం కారి మనిషి పోతడు. వేరే మందులతోని చూస్తం" అని లోపటికి పోయిండు.

మొదలు నీలకు అర్థం కాలేదు. బెంచి మీద కూసున్నది. లోపల ఆ మాటలు ఒక్కొక్కటే దిగవట్టినయ్. పొద్దున్నే మందు పడ్డోనికి సూది ఇయ్యరు. అంటే పడనోనికి? అటు పోతున్న నర్సును కొంగు పట్టి ఆపినట్టు ఆపి మెల్లగ అడిగింది. "అమ్మా, గోలి వేసుకోనోడైతె ఏం చేస్తురు?"

"ఇంత జల్దీ తెచ్చినంక ఇంకేంది, గీపాటికి సూది ఇచ్చేటోళ్ళమే" అని నర్సు పోయింది.

అప్పుడు గోడ మీది గడియారంల పదకొండు కావస్తున్నది. లేచి పోయి చెప్తె అయిపోతుండె. నీల లేచింది గూడ. డాక్టర్ గది దాక పోయింది. లోపల ఇంకో పేషెంటు చుట్టాలు మూగి ఉన్నరు. అందరి ముందట ఎట్ల చెప్పాలె అనుకొని తిరిగచ్చింది. మళ్ళ లేచింది. సౌమ్య, "ఏమైందే అమ్మా, కూసోరాదు" అంటె కూసున్నది. చెప్పాలె, ఇప్పుడే చెప్పాలె అనుకుంటనే కూసున్నది. మొగని పానం ఒక దిక్కు, సిగ్గు ఒక దిక్కు. ఇంత పెద్దదానికి అంత చిన్నది అడ్డం పడ్డది. ఏండ్ల తర్వాత కూడ ఎందుకు అడ్డం పడ్డదో ఆమె చెప్పుకోలేకపోయింది.

చివరికి పోయి చెప్పింది. డాక్టర్ ఇనుకుంట ఇనుకుంట గడియారం దిక్కు చూసిండు. ఒంటిగంటకు పది నిమిషాలు.

"ఎన్ని దినాలైంది ఆపి?"

"నెలన్నర సారు."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండు. కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నాలుగున్నర గంటల లోపల ఇయ్యాలమ్మా ఆ సూది. దాటిపోయింది" అన్నడు. మళ్ళ ఆయననే, "సూది ఇచ్చినా మొత్తం బాగయ్యేటోడని నేను చెప్పలేను" అన్నడు. ఆ మాట ఆయన దయతోనే అన్నడు. గనీ నీలకు అది దేనికీ అక్కరకు రాలేదు.

తిరిగి చూస్తె తలుపు కాడ సౌమ్య నిలబడి ఉన్నది. అంతా ఇన్నది. ఏడ్వలేదు, అరవలేదు. తల్లిని తప్పుకొని పోయి తండ్రి ఉన్న గది అద్దం కాడ నిలబడ్డది.

పన్నెండు దినాలకు ఇంటికి తెచ్చిండ్రు. కుడి కాలు, కుడి చెయ్యి ఆయన మాట ఇనవు. మాటలల్ల ఒక్కటే మిగిలింది, "అద్దు", అంటే వద్దని. నీళ్ళు కావాలన్నా అద్దు, బువ్వ అన్నా అద్దు, సౌమ్య తల మీద ఎడమచెయ్యి పెట్టినప్పుడు గూడ అద్దు. కోపమచ్చినా, ఆకలైనా, నవ్వినా అదే మాట. జగిత్యాల మేడం చెప్పింది, ఇట్లయినోళ్ళల్ల కొందరికి ఒక్క మాట ఎట్లనో మిగిలిపోతదని, ఆయన అనుకునేది అది కాదని. అయినా ఇనేటోనికి అది అద్దు లెక్కనే ఇనబడ్తది.

హేమలత మేడం కూడ అన్నీ ఇన్నది. "నువ్వు భయపడ్డవు. భయమైనప్పుడు నా దగ్గరికి రావాల్సింది. చెట్టు మానిపించాల్సింది గనీ మందు కాదు" అన్నది. చెట్టు మానిపిస్తె ఇంట్ల ఆ మొఖం ఎట్ల చూసేదో ఆమెకు ఎట్ల చెప్పాలె?

పద్నాలుగు తాళ్ళు ఆ ఎండకాలమే ఇంకొకని వంతుకు పోయినయ్. సంగం వాళ్ళు ఇంటికచ్చి చెప్పి, కొద్దిసేపు కూసొని, చాయ్ తాగకుంటనే పోయిండ్రు.

సౌమ్య సిరిసిల్ల ఇడిసిపెట్టి తిరుప్పూర్ బట్టల కంపెనీకి పోయింది. రుద్రంగి ఆడపిల్లలు ఇద్దరు పోతుంటె వాళ్ళతోని. పోయే దినం తండ్రి కాళ్ళు మొక్కింది. తల్లికి "పోతున్న" అన్నది. అంతే. నెల నెల తండ్రికి గోలీల డబ్బా బస్సు పార్సల్‌ల కోరుట్లకు పంపుతది. డబ్బాల చిట్టీ ఉండది. ఫోన్ చేస్తె తండ్రి చెవికాడ పెట్టుమంటది, ఆయన అద్దు అద్దు అనుకుంట నవ్వుతడు, ఆమె అటు ఏడుస్తది. పెట్టేసేటప్పుడు తల్లిని ఒక్క మాట అడగది. బిడ్డ తిట్టి ఉంటె, నీ వల్లనే అని ఉంటె, నీల ఏమన్న చెప్పుకునేది. అడగనోళ్ళకు ఏం చెప్తది?

ఒకనాడు ఎవ్వలు లేంది చూసి మొగనికి చెప్పింది. ఆయనకు తెలుసు గోలి ఆపింది ఆమేనని. దవాఖానల అబద్ధం ఆడిన సంగతి తెల్వదు. మంచం పట్టె మీద కూసొని, చెయ్యి పట్టుకొని, సూది ముచ్చట, గడియారం ముచ్చట, లేచి కూసున్న ముచ్చట అన్నీ చెప్పింది. ఆయన ఆమె మొఖం చూసుకుంట ఇన్నడు. అంతా అయినంక, "అద్దు" అన్నడు. ఏడ్వద్దనా? నా దగ్గరికి రావద్దనా? ఎవ్వలకు చెప్పద్దనా? ఏం లేకుండ ఉత్తగనేనా? ఆమె చాన సేపు ఆయన కండ్లల్ల ఎతికింది. ఆయన కండ్లు తలుపు దిక్కు తిరిగినయ్. అటు పిట్ట ఏదో అచ్చి వాలింది.

రెండేండ్లైంది ఇప్పటికి. నీల ఒక్క పూట తప్పలేదు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. పోయిన నెల జగిత్యాలకు చూపించ తీస్కపోతె మేడం గుండె మీద యంత్రం పెట్టి ఇని, కాయితాలు చూసి, "ఇప్పుడు సక్కగ వాడుతున్నవు. ఇట్లనే ఇయ్యి, ఇంకోపారి రాకుండ కాపాడుతది" అన్నది.

"మాట అస్తదా మేడం?"

మేడం జవాబు చెప్పేముందు ఆయన దిక్కు చూసింది. "ఇన్ని దినాలకు రాంది ఇంక రాదమ్మా" అన్నది.

తిరిగచ్చేటప్పుడు కోరుట్ల బస్సుల ఆయన్ని కిటికీ కాడ కూసోబెట్టి, కుడిచెయ్యి ఒళ్ళె పెట్టి, పడకుండ భుజం ఒత్తి కూసున్నది. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గనుక ఆమెకు జీరో టికెట్ కొట్టి, కండక్టర్ ఆయన్ని చూసి, "ఎక్కడిదాక పెద్దాయనా?" అన్నడు.

"అద్దు" అన్నడు లింబాగౌడ్.

కండక్టర్‌కు సమజ్ కాలేదు. మళ్ళ అడిగిండు. మళ్ళ అదే అన్నడు. ముందు సీట్లోళ్ళు తిరిగి చూసిండ్రు. నీల కోరుట్ల అని చెప్పి ఆయనకు టికెట్ తీసుకున్నది. బస్సు కదిలింది.